పాతరలో ఆరిన దీపం

మొన్న మా మనవరాలు ఎన్నాళ్లుగానో మూతబెట్టి ఉన్న జొన్నల డ్రమ్ము తెరిచింది. పులిసిన పిండికీ ఎండుగడ్డికీ మధ్య ఎక్కడో ఉండే ఆ వెచ్చటి వాసన గుప్పుమనగానే, దాని రెక్క పట్టి వెనక్కి లాగాను. అది పకపకా నవ్వింది. నవ్వదూ మరి! పాతర సంగతి దానికేం తెలుసు?

నా చిన్నతనంలో మా కోడేరులో ఇళ్ల ముందు నేల కింద జొన్నల పాతరలుండేవి. మనిషి మునిగేంత లోతు గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, కళ్లం నుంచి తెచ్చిన జొన్నలు పోసి, పైన బండ మూసి మట్టితో మెత్తేవారు. తెరిచిన రోజు ఇంటింటా కొత్తగా దంచిన జొన్నగటక, చింతపండు పచ్చిపులుసు, మా పిల్లల కేకలు! కానీ దిగేముందు చేంతాడుకు కట్టి దీపం దించాలి. వెలిగితే మనిషి దిగవచ్చు, ఆరితే మంచిగాలి ఆడేదాకా బండ తీసి ఉంచాలి. అది మా అవ్వ, అంటే మా నాయన తల్లి, గట్టిగా పట్టుకున్న పద్ధతి.

ఒక ఏడాది, సగం జొన్నలు తీసి మూసిన పాతరను తొలకరి ముందు తెరిచారు. కృష్ణానది వైపు నుంచి నల్లగా మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడితే ఏడాది తిండీ నీళ్లపాలే. మా చిన్నాయన దీపం దించాడు. సగం దాకా పోయి టప్పున ఆరిపోయింది.

"గాలికి ఆరిందమ్మా, గింత ఈదరగాలి కొడుతుంటె ఆరదా?" అన్నాడు.

"వద్దు కొడుకా, జర ఆగు," అని అవ్వ ఎంత మొత్తుకున్నా వినలేదు. నడుముకు మోకు కట్టందే దిగనీయనని ఆమె పట్టుబట్టింది, అదే మా అదృష్టం. దిగాడు. ఒక గంప కూడా నింపలేదు, కూలబడ్డాడు.

నాయనా, పాలేరూ కలిసి మోకు లాగారు. పైకొచ్చిన మనిషి ముఖం నేరేడుపండు రంగులో ఉంది. అవ్వ ఏడుస్తూనే చాటతో విసిరింది. అంతలో వానగాలి ఒక్కసారి వీచింది. చిన్నాయన ఎద పైకి లేచింది, దిగింది, మళ్లీ లేచింది. అబ్బ! కంటికి కనబడనిది ఒక మనిషిలోకి పోయి, ఆ మనిషిని లేపి కూర్చోబెట్టడం నేను కళ్లారా చూశాను.

మర్నాడు బడి సారు పలకరించడానికి వచ్చాడు. "పైన గింత గాలి ఉండంగ లోపలికెందుకు పోలే సారూ?" అని చిన్నాయన అడిగాడు.

"గాలంటె ఒక్కటి గాదు. అయిదు పాళ్లల ఒక్క పాలే మనల్ని బతికిస్తది. గింజలకు గూడ పానముంటది గద, మూసిపెడితె ఆ పాలును అవే పీల్చుకొని బరువుగాలి ఇడుస్తయ్. అది నీళ్ల లెక్క అడుగున నిలుస్తది," అన్నాడు సారు.

అంతటితో ఆగలేదు. భూమి పుట్టిన కొత్తలో నిప్పుకొండలు కక్కిన ఆవిర్లూ పొగలే తప్ప ఆ ఒక్క పాలు లేదట. నీళ్లలో పాకురు, అంటే పాచిలాంటి, కంటికానని పచ్చని జీవాలు ఎండను తాగి కోట్ల ఏళ్లు కొద్దికొద్దిగా వదిలితే ఇంత పోగైందట. అన్ని పాళ్లూ కలిసిన ఈ గాలంతా దుప్పటిలా భూమిని కప్పి, మనం రాత్రి గడ్డకట్టకుండా, పగలు మాడిపోకుండా కాస్తుందట.

అవ్వ నోరు తెరిచింది. "గా పాకురా! కాలు జారుతదని బాయి మెట్ల మీద రోజు గీకి పారేస్తిమి గద సారూ!"

ఆనాటి నుంచి ఆమె నడిచే మెట్టు మాత్రమే గీకేది. పక్కగోడ పాకురును వేలితో తాకి కళ్లకద్దుకునేది. చూసి మేం నవ్వేవాళ్లం.

పాతరలు పూడ్చేశారు, వాటి మీద సిమెంటు వాకిళ్లు లేచాయి. బాయి లేదు, అవ్వ లేదు. మనవలను ఎత్తుకుని ముసలివాడయ్యేదాకా బతికి చిన్నాయనా పోయాడు. ఇవాళ పొద్దున మనవరాలు నల్లా కింద పచ్చగా పట్టిన పాకురును కడగడానికి బ్రష్షు పట్టుకొచ్చింది.

"నడిచేకాడ కడుగు బిడ్డా. గోడకున్నది ఉండనియ్యి," అన్నాను.

"ఎందుకవ్వా?"

దానికి పాతర కథంతా చెప్పి, వంగి పాకురును వేలితో తాకి కళ్లకద్దుకున్నాను. "మా చిన్నాయనను లేపి కూసోబెట్టింది ఇదే," అన్నాను. ఈసారి అది నవ్వలేదు.