లైబ్రరీ మారింది, హెచ్చరికలు ఆగాయి

ఈ సాయంత్రం అయిదింటికి ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల సంఘం కంప్యూటర్ హెచ్చరికలు పంపడం మానేసింది. సముద్రంలో ఉన్న బోట్లకు గాలివాన కబురు అందేది దాని నుంచే. రుషికొండలో ఉద్యోగం చేసే అప్పన్న, సంఘం కోసం హెచ్చరికలు పంపే కొత్త ప్రోగ్రామ్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేయబోయి, అంటే కోడ్ నుంచి తయారు చేయబోయి, ప్రోగ్రామ్‌లు ఆధారపడే ఒక లైబ్రరీని, అంటే ఉమ్మడి కోడ్ కట్టను, అప్‌డేట్ చేశాడు. కొత్తది బిల్డ్ కాలేదు, పాతదీ ఆగిపోయింది.

బోటు యజమాని నూకరాజు తమ్ముడు సముద్రంలో చేపల వేటలో ఉన్నాడు. నూకరాజు వచ్చి అప్పన్నను అడిగాడు.

"ఏటి బావా, ఒకటి ఎక్కిత్తే రెండూ సచ్చాయేటి?"

"దీనికి కొత్త లైబ్రరీ కావాల, దానికి పాతదే కావాల. ఒక్క సోట ఇమడవు బావా."

"అయితే యేరుకాపరం ఎట్టీ!"

"అదే సేత్తన్నాను."

పాత లైబ్రరీని వేరే ఫోల్డర్‌లో పెట్టాక పాత ప్రోగ్రామ్ తెరుచుకుంది. ఇలాంటి ప్రయోగాలకు సంఘం దగ్గర ఇంకో కంప్యూటర్ లేదట. మీ ఆఫీసుల్లో ఉందా?

తదుపరి హెచ్చరిక రాత్రి ఎనిమిదికి వెళ్లాలి. అది అందిందని బోట్ల నుంచి జవాబు రావాలి.