పాటలు లేని పెళ్ళి క్యాసెట్టు

మదనపల్లెలో మా ఇంటికి పెద్ద టీవీ వచ్చిన వారానికే, దాంట్లో చూడదగ్గది ఏమీ లేదని అమ్మ తేల్చేసింది. పాత టీవీ గురించీ అదే మాట అనేది కాబట్టి నేను పట్టించుకోలేదు. తర్వాత ఒకరోజు చింతపండు పిసుకుతూ, పాత పెళ్ళి క్యాసెట్లు ఈ టీవీలో పడతాయా అని అడిగింది. ఇప్పుడెందుకని అడిగితే, గోడకున్న వాళ్ళ నాయన ఫొటో వైపు గడ్డం ఎత్తింది.

"మొగం ఆడుండాది. గొంతే మర్సిపోతాండా."

మా తాత టమోటా మండీలో వేలంపాట పాడేవాడు. మైకు లేకుండానే. ఆయన ఈ మండీలో ధర పలికితే పక్క మండీలోవాళ్ళు పొరపాటున పాట పెంచేవాళ్ళని చెప్పుకుంటారు. చెప్పుకునేది మా బంధువులే గనక కొంచెం తగ్గించుకుని వినాలి. సెల్‌ఫోన్లు రాకముందే ఆయన పోయాడు. అంత గొంతునూ ఎవరూ ఎక్కడా పట్టి ఉంచలేదు. ఆయన ఉండగా మా వైపు వీడియో తీసిన పెళ్ళిళ్ళు రెండే. పుంగనూరులో జరిగిన పిన్ని పెళ్ళి, కుప్పంలో జరిగిన మామ పెళ్ళి.

పుంగనూరు క్యాసెట్టు సులభంగానే దొరికింది. పిన్ని దాన్ని బీరువాలో పట్టుచీరల కింద, నాఫ్తలిన్ ఉండల మధ్య దాచింది. చీరలకన్నా అదే బాగుంది. నేను ఫిజిక్సులో డిగ్రీ చేశాను. మా ఇంట్లో చెడిపోయిన వి.సి.ఆర్. విషయంలో అది ఎందుకూ పనికిరాలేదు. అందుకని బస్టాండు దగ్గర, పాస్‌పోర్టు ఫొటోల మీద బతుకుతున్న ఒక స్టూడియోలో ఇచ్చాను. నాలుగు రోజుల్లో పెళ్ళి మొత్తం పెన్‌డ్రైవులోకి దిగింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం టీవీ ముందు కూర్చున్నాం. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మా వంశంలో ఎవరికీ వీడియో అంటే ఏమిటో తెలియదు.

తాతకు తెలిసింది ఫొటో ఒక్కటే. ఫొటోలో కదిలితే రీలు వేస్ట్. కాబట్టి లైటు పడితే కదలకూడదని ఆయన చుట్టాలందరికీ ముందే చెప్పి పెట్టాడట. మండీలో ఆయన మాటకు ఎంత విలువో ఇంట్లోనూ అంతే. కెమెరా లైటు ఎటు తిరిగితే అటు పెళ్ళి ఆగిపోయింది. సాంబారు బకెట్టుతో వంగినాయన వంగినట్టే ఉండిపోయాడు. లడ్డు కొరికినామె బుగ్గ ఉబ్బినట్టే ఉంచి కెమెరా వెళ్ళిపోయేదాకా వేచి చూసింది. తాత రెండు చేతులూ తొడలకు ఆనించి, మూతి బిగించి, ఊపిరి కూడా తర్వాత పీల్చుకుందాంలే అన్నట్టు నిలబడ్డాడు. మొత్తం క్యాసెట్టులో సహజంగా ఉన్నది నేనొక్కడినే. ఒక మూల చాప మీద నిద్రపోతున్నాను.

పోనీ, వెనకనుంచైనా గొంతు వినిపిస్తుందా అంటే, ఆ కాలపు మిక్సింగులో మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు పరిచేశారు. తాళి కట్టేటప్పుడూ పాటే, ఆకులు ఎత్తేటప్పుడూ పాటే. తాత బొమ్మను ఒక గులాబీ పువ్వులో పెట్టి రెండుసార్లు తిప్పారు కూడా.

అమ్మ చివరిదాకా చూసింది. "ఫొటోనే నయం. పాట లేదు దానికి," అని లేచి లోపలికి పోయింది. ఆ సాయంత్రం కాఫీలో చక్కెర మరిచిపోయింది. అందరం అలాగే తాగేశాం.

ఇక మిగిలింది కుప్పం. మామ పెళ్ళి క్యాసెట్టు మా కుటుంబంలో ఒక అవమానం. దాన్ని తీసిన శాంతిపురం ఆయన, మిక్సింగు చెయ్యకముందే బెంగళూరులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. పాటలూ పువ్వులూ లేకుండా, తీసింది తీసినట్టే ఇంటికి వచ్చింది. అత్త ఆ బాధను ఇన్నేళ్ళూ ఆరనివ్వలేదు. నేను కుప్పం వెళ్ళేసరికి క్యాసెట్టు టేబుల్ ఫ్యాను కింద ఎత్తు కోసం ఉంది. ఇస్తాను గానీ ఒక షరతు అంది అత్త.

"అందరి పెండ్లికీ పాటలుండాయి. మాది మాత్రం మూగ పెండ్లి. ఈ తూరన్నా పాటలు పెట్టించుకోని రాప్పా."

మామ ఫ్యానుకు కొత్త ఎత్తు వెతికే పనిలో పడ్డాడు. నేను సరేనన్నాను. బస్సులో వస్తూ లెక్క వేసుకుంటే, పాటలు పెడితే తాత పోతాడు, పెట్టకపోతే అత్తతో మాటలు పోతాయి. రెండు కాపీలు చేయించడం తప్ప దారి కనిపించలేదు.

స్టూడియో ఆయన టేపు మీద బూజు తుడవడానికే వారం తీసుకున్నాడు. తర్వాత ఫోన్ చేసి, భోజనాల దగ్గర కొంతసేపు బొమ్మే లేదని, నల్లగా ఉందని, కోసెయ్యమంటారా అని అడిగాడు. పాటలుండే కాపీలో ఏమైనా చేసుకోమన్నాను. రెండోదాని గురించి అమ్మను అడిగాను. అందులో ఏమీ తియ్యొద్దని, ఏమీ పెట్టొద్దని చెప్పమంది.

మళ్ళీ ఆదివారం. మళ్ళీ అందరం. ఈసారి సందడి వినిపిస్తోంది. నాదస్వరం, పిల్లల ఏడుపులు, పాత్రల మోత అన్నీ ఉన్నాయి. తాత కనిపించినప్పుడల్లా మాత్రం లైటు ఆయన మీద ఉంది కాబట్టి, అదే మూతి బిగింపు. రెండు పెళ్ళిళ్ళ మధ్య చొక్కా మాత్రం మారింది. అమ్మ చూపు టీవీ మీదినుంచి ఒళ్ళో ఉన్న చేతుల మీదికి దిగిపోవడం చూశాను.

భోజనాల పంక్తి వచ్చింది. సగం వడ్డించారు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. కెమెరాకు బ్యాటరీ ఉన్నట్టుంది, ఆపాలన్న సంగతి శాంతిపురం ఆయనకు తట్టలేదు. మా పెద్ద టీవీ అంతా నల్లగా అయిపోయింది. మా అమ్మాయి ముందుకు జరుపుదామని రిమోటు ఎత్తింది. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

లైటు పోయింది. ఇక కదలకూడదన్న నియమమూ పోయింది.

"ఎవురూ లేయొద్దండప్పా," అంది చీకట్లోంచి ఒక గొంతు. మా హాల్లో షోకేసు అద్దం అదిరింది. "ఆకు ముందరే ఉండాది, నోరు మీతోనే ఉండాది. తినేదానికి కరెంటు యాల?"

చీకట్లో పంక్తి పంక్తంతా నవ్వింది. పక్క మండీ సంగతి బంధువులు పెంచి చెప్పలేదని నాకు అప్పుడు అర్థమైంది. నవ్వులు తగ్గాక అదే గొంతు కొంచెం దించుకుని పిలిచింది.

"పెద్దమ్మీ, యాడుండావు? లాంతరు తేమ్మా."

"వస్తాండా నాయనా," అని దూరంగా ఒక పడుచు గొంతు పలికింది.

అది అమ్మ గొంతు. సోఫాలో ఉన్న అమ్మ అప్పటికే రెండు చేతులూ ఆనించి సగం లేచింది. లేచిందే గానీ ఎటు పోవాలో తెలియక ఒక క్షణం అలాగే ఉండి, మెల్లగా కూర్చుంది. టీవీలో కరెంటు వచ్చింది. తాత పంక్తి మధ్యలో చేతులు తొడలకు ఆనించి, మూతి బిగించి నిలబడి ఉన్నాడు.

"వెనక్కి పెట్టు," అంది అమ్మ.

పాటల కాపీ కుప్పం పంపించాను. అత్తకు నచ్చింది. చీకటి ఉన్నచోట స్టూడియో ఆయన కశ్మీరు కొండలు పెట్టాడట.

చానెల్ మార్చాలన్నా మమ్మల్ని పిలిచే అమ్మ, ఆ ఒక్క చోటికి తీసుకుపోవడం మాత్రం నేర్చుకుంది. మధ్యాహ్నాలు వంటిల్లు సర్దాక పెట్టుకుంటుంది. మొన్న పెరుగు తోడుకు వచ్చిన పక్కింటామె నల్లటి టీవీ ముందు కూర్చున్న అమ్మను చూసి, అంత పెట్టి కొన్నది అప్పుడే చెడిపోయిందా అని జాలిపడింది.

"టీవీకేం, బాగానే ఉండాది," అంది అమ్మ. "కుప్పంలో కరెంటు పోయుండాది, అంతే."