గఫార్ చాచా చెప్పని ఊరు

కామారెడ్డిలో మూడు రోజులుగా ముసురు పట్టింది. పొద్దున మా బేకరీ షట్టరెత్తి, నిన్న చేసిన ఉస్మానియా బిస్కెట్ల డబ్బా మూత తీస్తే వెన్న వాసన బాగానే వచ్చింది గాని, ఒకటి తీసి విరిస్తే చప్పుడు కాలేదు. తడిసిన అట్టముక్కలా వంగి మెల్లగా రెండుగా ఊడింది. అలా మెత్తబడిన బిస్కెట్ చేతిలో పట్టుకుని నిలబడినప్పుడల్లా నాకు ఎల్లారెడ్డి గుర్తొస్తుంది, గఫార్ చాచా గుర్తొస్తారు. వానాకాలంలో ఇలాంటివి నా చేతిలో పెట్టి, "ఇది బొంబై బిస్కెట్ అయింది బేటీ" అని నవ్వేవారు. ఎండాకాలంలో పిండి ముద్ద మీద తోలు కట్టి పగుళ్లిస్తే "ఇగో, ఇది హైదరాబాద్" అనేవారు. ఆ రెండు నగరాలనూ కళ్లతో చూడకముందే నేను పిండిలో చూశాను. చూసింది నిజమో కాదో ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

గఫార్ చాచా మాకు బంధువు కాదు. ఎల్లారెడ్డి బస్టాండుకు దగ్గర్లో ఆయనకు బేకరీ ఉండేది. మాది నాగిరెడ్డిపేట. డిగ్రీ అయ్యాక ఉద్యోగ పరీక్షలు రెండుసార్లు రాసి, రెండుసార్లూ పోయి, ఇంట్లో ఊరికే కూర్చోలేక నేను ఆ బేకరీలో పనికి చేరాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. నాన్న లేడు, చెల్లెలు లావణ్య ఇంకా బడిలో ఉంది. అమ్మ పోచారం చెరువు కింద నాట్లకు, కలుపుకు వెళ్లేది. కౌంటర్లో నిలబడటానికని చేరినదాన్ని, నెల తిరక్కుండానే లోపల పిండి కలపడం మొదలుపెట్టాను. చాచాకు అరవై దాటాయి. పొట్టి మనిషి, మోచేతుల దాకా భట్టీ కాల్చిన మచ్చలు. పెళ్లయిన కొత్తలో బొంబాయి వెళ్లి పదేళ్లు, అక్కణ్నుంచి హైదరాబాదు వచ్చి ఎనిమిదేళ్లు బేకరీల్లో పనిచేసి, ఆఖరికి సొంత ఊరికొచ్చి ఈ బేకరీ పెట్టుకున్నారు.

నేను మొదటి బస్సు దిగి వెళ్లేసరికి ఆయన వెనక తలుపు దగ్గర నిలబడి, తడిచెయ్యి బయటికి చాపి ఉండేవారు. ఆ చెయ్యి ఎంతసేపటికి ఆరుతుందో చూసి, ఆ పూట పిండిలో నీళ్లెన్ని పొయ్యాలో చెప్పేవారు. నేను నోట్‌బుక్కులో రాసుకున్న కొలత ఏ రెండు రోజులూ కలిసేది కాదు.

"రోజూ ఒకటే కొలత పెట్టుకోవచ్చు గదా చాచా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"కొలత ఒకటే ఉండాల్నంటే గాలి గూడ ఒకటే ఉండాలె. బొంబైల గాలిని మనం తాగొచ్చు. హైదరాబాద్‌ల, ఎండాకాలం, గాలే మనల్ని తాగుతది. రెండిట్ల ఒక్క కొలత నడుస్తదా?" అన్నారు.

పని చేస్తున్నంతసేపూ ఆ రెండు ఊళ్ల మాటే. బొంబాయిలో, కాపురం పెట్టకముందు, బేకరీ అటక మీద ఆరుగురు వంతులవారీగా పడుకునేవాళ్లట. ఒకడు లేస్తే ఆ చాప వేడి ఆరకముందే ఇంకొకడు పడుకునేవాడట. అయినా ఆ ఊళ్లో నువ్వెవరు, మీ తాతెవరు అని ఎవరూ అడగరట. హైదరాబాదులో చాయ్ తాగేలోపు మూడు తరాలూ అడిగేస్తారు గాని, జ్వరమొస్తే పక్కింటివాళ్లు జావ కాచి తెస్తారట. నేను వింటూ వింటూ, ఈయనకు ఏ ఊరు ఇష్టమో కనిపెట్టాలని చూసేదాన్ని. ఒక పూట దొరికినట్టే ఉండేది, మరో పూటకు జారిపోయేది.

మూడో ఏడు శివరాత్రి దాటాక, ఎండలు మొదలవుతున్న వారంలో, నాకు ఒకేసారి రెండు పనులు వచ్చాయి. మా పెద్దమ్మ కొడుకు భివండీలో మగ్గాల పనిలో ఉండేవాడు. బొంబాయిలో తనకు తెలిసిన కేకుల దుకాణంలో మనిషి కావాలన్నాడు. కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలు హైదరాబాదులో తను పనిచేసే పెద్ద బేకరీకి రమ్మంది. రెండు చోట్లా ఉండటానికి జాగా ఉంది, రెండు చోట్లా వారంలోగా రావాలి. అమ్మను అడిగితే, "నేను మెదక్ దాటి చూసిన్నా? మీ సాబ్ రెండు పట్నాలల్ల బతికిండు, ఆయన్నే అడుగు" అంది.

సోమవారం అడిగాను. చాచా ట్రేలకు నూనె రాస్తూ, ఆలోచించకుండానే అన్నారు. "బొంబై పో. ఆడ ఆడపిల్ల ఒక్కతి రైలెక్కితే ఎవ్వడు తిరిగి చూడడు. సలి లేదు, మన తీరు ఎండ లేదు. నాలుగు నెల్లు వాన, గంతే."

నేను మనసులో బొంబాయికి సిద్ధపడ్డాను. బుధవారం నాడు, ఎవరూ అడగకుండానే, ఆయనే మొదలుపెట్టారు. "హైదరాబాద్ పో బేటీ. బొంబైల బట్టలారయి, మనిషి ఆరడు. గోడకు ఆనుకుంటే ఈపుకు నాచు తాకుతది. హైదరాబాద్‌ల ఎంత ఎండ కొట్టినా పొద్దుగూకితే గాలి సల్లగైతది. మన మాట మాట్లాడెటోళ్లుంటరు."

"మొన్న బొంబై అంటివి గద చాచా!"

"మొన్న బొంబైనే మంచిగనిపించె."

నాకు కోపమొచ్చింది. "అంత మంచిగుంటే మరి బొంబై ఎందుకు ఇడిసిపెట్టి వచ్చినవ్?" అని గట్టిగానే అడిగాను. ఆయన చేతులు గుడ్డతో చాలాసేపు తుడుచుకున్నారు. "మీ చాచీ కోసం. రేకుల మీద నాలుగు నెల్లు వాన చప్పుడు. ఆమెకు నిద్ర పట్టకపోయేది. మనిషి సగమైంది" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం మెహ్రున్నిసా చాచీ ఆయనకు అన్నం డబ్బా తెచ్చింది. చాచా దుకాణం ముందు ఎవరితోనో మాట్లాడుతున్నారు. నేను చాచీని, బొంబాయి వానలకు నిద్ర పట్టేది కాదట గదా అని అడిగాను. ఆమె పక్కున నవ్వింది.

"నాకా? వాన పడితేనే నాకు మంచిగ నిద్రొచ్చేది. మా సలీం కోసం వచ్చినం. పిల్లగాని ఛాతిల ఎప్పటికి గురగుర. పొడి గాలున్న ఊరికి తీస్కపొమ్మని డాక్టర్ చెప్పిండు." తర్వాత గొంతు తగ్గించి, "నాకైతే ఇడిసిపెట్టబుద్ధి కాలే బిడ్డా. ఆడ నేను ఒక్కదాన్నే బజారుకు పోయి వచ్చేదాన్ని" అంది.

ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తుంటే నాకేమీ అర్థం కాలేదు. ఒకే ఇంట్లో నలభై ఏళ్లు కలిసి బతికినవాళ్లకు తాము ఊరెందుకు మారారో ఒకే కారణం లేకపోతే, నేను దేన్ని పట్టుకుని తేల్చుకోవాలి? "ఏమన్నడు సాబ్?" అని అమ్మ గుమ్మంలోనే అడిగింది. "రెండూ అన్నడు" అన్నాను.

శనివారం చాచా బేకరీకి తాళం వేసి, నన్ను సాగనంపడానికి కామారెడ్డి స్టేషను దాకా వచ్చారు. అప్పటికీ నేను తేల్చుకోలేదు. ఆ స్టేషను నుంచి రెండు వైపులకూ బండ్లున్నాయి. కాసేపటి తేడాలో ఒకటి సికింద్రాబాదు వైపు, ఒకటి బొంబాయి వైపు. టికెట్ల వరుసలో నా ముందు ఇద్దరే మిగిలారు. "చాచా, ఆఖరుసారి అడుగుతున్న. ఒక్కటి చెప్పు. నువ్వు చెప్పిన కాడికే పోత" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశారు, బోర్డు వైపు చూశారు. "చాయ్ తెస్త, ఉండు" అని వెళ్లిపోయారు.

చాయ్ కొట్టు పది అడుగుల్లోనే ఉంది. ఆయన రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే, రెండు కప్పులు పట్టుకుని, నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. నా వంతు వచ్చింది. "ఎక్కడికమ్మా?" అని కిటికీలోంచి అడిగారు. సికింద్రాబాద్ అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ క్షణం దాకా నేను ఆ ఊరు అనుకోలేదు, అనుకోకుండానూ లేను. చాచా వచ్చి టికెట్ చూశారు. ఆయన ముఖంలో సంతోషం ఉందేమో, బాధ ఉందేమోనని వెతికాను, ఏదీ దొరకలేదు. "ఎండ పడమటి దిక్కు కొడ్తది. ఆ దిక్కు కిటికీ కాడ కూసోకు" అన్నారు. చాయ్ చల్లారిపోయి ఉంది.

హైదరాబాదులో మొదటి వారమే నా పిండి చెడిపోయింది. గాలి మనల్ని తాగే ఊరని, చాచా లెక్కన నీళ్లు ఎక్కువ పోశాను. ముద్ద జావలా అయింది. సూపర్‌వైజర్ మొత్తం పారబోయించాడు. ఫోన్ చేసి ఏడ్చాను. "చాచా, ఈడ లోపలంత ఏసీ. బయటి గాలి లోపటికే రాదు." "మరి చెయ్యి యాడ ఆరబెడ్తున్నవ్?" అన్నారు, నిజంగానే తెలియక. ఆ ఏడు వానాకాలంలో మా హాస్టల్ గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి, మూడు రోజులు కరెంటు లేదు. నువ్వు చెప్పిన హైదరాబాద్ ఇది కాదని నిష్ఠూరమాడాను. "నేనున్నప్పుడు గట్లనే ఉండె బేటీ" అన్నారు. ఏదో తప్పు చేసినవాడిలా ఉంది ఆ గొంతు. నేనలా అనకుండా ఉండాల్సింది. జావ కాచి తెచ్చే పక్కింటివాళ్లు మాత్రం నిజంగానే ఉన్నారు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు హాస్టల్ కింది వాటాలో కాపురమున్న ఆవిడ పదిహేను రోజులు నన్ను చూసుకుంది.

మూడేళ్ల తర్వాత, ఆ రెండో ఊరు చూడకపోతే మనసు ఊరుకోదనిపించి, బొంబాయిలో పని వెతుక్కుని వెళ్లాను. వెళ్లింది జనవరిలో. సముద్రం గాలి, మెత్తటి ఎండ. మొదటే ఇక్కడికి ఎందుకు రాలేదా అని నన్ను నేను తిట్టుకున్నాను. జూలైకల్లా చెప్పుల మీద బూజు పట్టింది, ఆరని బట్టల వాసన ఒంటికి అంటుకుంది. హైదరాబాదులో ఉన్నా బాగుండేదని ఏడ్చాను. ఒంటరిగా రైలెక్కి ఎక్కడికైనా వెళ్లి రాగలిగిన రోజున మళ్లీ బొంబాయే నా ఊరనిపించింది. సోమవారం ఒకటి, బుధవారం ఒకటి అయిన చాచా మాట అప్పుడు నాకు అబద్ధంలా అనిపించలేదు. కానీ తేలిందీ లేదు.

మరుసటి ఎండాకాలం ఆయన పోయారు. నలభయ్యో రోజు చేసే ప్రార్థనకు గాని ఎల్లారెడ్డి రాలేకపోయాను. ఆయన కొడుకు సలీం నాకు కుర్చీ వేసి, తండ్రి మాటలు చెబుతూ కూర్చున్నాడు. మాటల్లో నేను, నీ ఆయాసం కోసమే గదా బొంబై ఇడిసిపెట్టింది అన్నాను.

"నాకు ఆయాసమా? నేను చిన్నప్పుడు దవఖాన మొఖమే చూడలే చెల్లె. అబ్బాకే దగ్గు. మైదా పొడి, ఆ తేమ. దగ్గి దగ్గి కూలబడేటోడు. అందుకే వచ్చినం. అమ్మీ చెప్పలేదా?" అన్నాడు.

చాచీ లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య ఉంది. నేను వెళ్లి అడగలేదు. ముగ్గురూ ఇంకొకరి కోసమే వచ్చామన్నారు. తన కోసం వచ్చామని ఒక్కరూ అనలేదు. ఎవరు దాచారో, ఎవరు మరిచిపోయారో, మూడూ నిజమేనో నాకు తెలియదు. దానికంటే ఎక్కువగా నన్ను తొలిచేది ఆ స్టేషను. చాయ్ కప్పులతో అటు తిరిగి నిలబడినప్పుడు, నా నిర్ణయం నాదే కావాలని ఆయన తప్పుకున్నారా? లేక అప్పట్లో ఇల్లంతటి తరఫునా ఊరు ఎంచినట్టు, ఇంకోసారి ఇంకొకరికి ఊరు చెప్పే ధైర్యం చాలక తప్పించుకున్నారా? ఒకసారి ఆయన మీద కృతజ్ఞత కలుగుతుంది, ఒకసారి కోపం.

పెళ్లయ్యాక నేను కామారెడ్డిలో స్థిరపడ్డాను. బేకరీ మా ఆయనా నేనూ నడుపుతున్నాం. పోయిన వారం మా చెల్లెలు లావణ్య ఫోన్ చేసింది. నర్సు పనికి హైదరాబాదులో ఒక చోట, పుణెలో ఒక చోట రమ్మన్నారట. "నువ్వు తిరిగినదానివి గదక్కా, యాడికి పోవాలె?" అంది. ఎండ గురించి, చలి గురించి, నీళ్ల గురించి, మనుషుల గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. చెప్పి, "నువ్వే చూసుకో" అన్నాను. "సరే తియ్యి అక్కా" అంది చిన్నగా. వరుసలో నిలబడి వెనక్కి తిరిగి చూసిన నేనే అక్కడ ఉన్నట్టు అనిపించింది. ఫోన్ పెట్టేశాక ఉండబట్టలేక మళ్లీ చేశాను.

"లావణ్యా, ఏ ఊరో నేను చెప్పలేను. నిజంగ నాకు తెల్వది. కానీ నువ్వు యాడికి పోయినా, మొదటి నెల నీతోని వచ్చి ఉంట."

ఏ ఊరో లావణ్య ఇంకా చెప్పలేదు. మా ఆయన నెల రోజులు బేకరీ చూసుకుంటానన్నాడు. నిన్న సంచి సర్దుతూ, స్వెట్టర్ పెట్టుకోవాలో గొడుగు పెట్టుకోవాలో తేలక, రెండూ పెట్టాను.