నరసింహమూర్తి మొహం మీద ఆకుపచ్చ గీతలు

కామేశ్వరికి కోపం వస్తే ముందు నోరు లేవదు, గిన్నెలు లేస్తాయి. ఆ పొద్దున కూర్మన్నపాలెంలో ఆ వీధిన వెళ్లిన ప్రతివాళ్లకీ ఆవిడ వంటింటి చప్పుడు వినిపించే ఉంటుంది. రాకేం చేస్తుంది కోపం? రేపు నరసింహమూర్తి పెద్దకర్మ. సాయంత్రానికల్లా ఆయన ఫోటో ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి ఆయన భార్య సూర్యకాంతమ్మ చేతికివ్వాలి. ఇక్కడ చూస్తే కంప్యూటరు తెర మీద ఆ పోయినాయన మొహం నిండా ఆకుపచ్చ గీతలు, చెంపల మీద ఊదారంగు గళ్లు. కాసేపు పని చేసుకోనిస్తుంది, తర్వాత గీతలు మొదలుపెడుతుంది, ఆఖరికి మొత్తం నల్లబడి కూర్చుంటుంది.

నరసింహమూర్తి పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఫోటో అంటే ఆమడ దూరం పారిపోయేవాడు. వెతగ్గా వెతగ్గా ఎవరిదో పెళ్లిలో, భోజనాల దగ్గర వెనక నిలబడ్డ ఫోటో ఒక్కటి దొరికింది. పక్కన గ్యాసు సిలిండరు, భుజం మీద ఎవరిదో చెయ్యి. అవన్నీ తీసేసి, మొహం పెద్దది చేసి, మంచి చొక్కా తొడగాలి. సూర్యకాంతమ్మ అడిగింది ఒక్కటే.

"ఆయన కుడికన్ను కొంచెం సిన్నగుంటాదమ్మా. అదలాగే ఉంచు. సరిసేత్తే ఆయన కాడు."

సబ్బవరంలో పుట్టిన కామేశ్వరి పెళ్లికి ముందే గాజువాకలో ఒక స్టూడియోలో ఈ పని నేర్చుకుంది. అప్పట్లో నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు దిద్దేవారు. కంప్యూటర్లు వచ్చాక పెన్సిలు పట్టిన చెయ్యే మౌసు పట్టింది. స్టూడియో మూతపడ్డాక ఇంట్లోనే డెస్క్‌టాప్ పెట్టుకుంది. ఇక్కడి నుంచి దువ్వాడ దాకా గోడల మీద దండలేసుకుని చూస్తున్న పెద్దవాళ్లలో చాలామంది ఆవిడ చేతి మీదుగా వెళ్లినవాళ్లే. ఫోటో కామేశ్వరి అంటే ఆటోవాళ్లు కూడా ఇల్లు చూపిస్తారు. మొగుడు గవర్రాజు ఒక్కడికే అది బొమ్మలాట.

ఆ గవర్రాజు ఏమైనా తెలియనివాడా అంటే కాదు. స్టీలుప్లాంటులో పెద్ద పెద్ద ఫ్యాన్ల మెయింటెనెన్సు ఆయనది. చప్పుడు విని బేరింగు పోయిందో, రెక్కకి దుమ్ము పట్టిందో చెప్పేస్తాడని పేరు. దసరాకి యంత్రాల పూజలోనూ ఆయన తర్వాతే ఎవరైనా. ప్లాంటులో పూజ చేసొచ్చి ఇంట్లో అందుకుంటాడు. బండి, మిక్సీ, కుట్టుమిషను, కంప్యూటరు, దేన్నీ వదలడు.

దసరా వెళ్లీ వెళ్లకముందే తెర మీద గీతలు మొదలయ్యాయి. అవి చూసి గవర్రాజు అడిగిన మొదటి మాట, "ఏటి నొక్కీసేవే?"

"నాను నొక్కీది రోజూ నొక్కీదే."

"పొద్దస్తమానం దాని ముందే కూకుంటే అదేటవుతాది మరి? మనిషికే రెస్టుండాల."

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నేరం కామేశ్వరి నెత్తిన పడింది. ఆవిడ తమ్ముడి కొడుకు సాయిశంకర్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగస్తుడు, వచ్చి చూశాడు. "ఏదో పిచ్చి లింకు నొక్కేసుంటావత్తా, వైరస్ అది" అని ఉన్నదంతా చెరిపేసి విండోస్ మళ్లీ వేశాడు. గీతలు పోలేదు. ఆవిడ ఏళ్ల తరబడి పోగేసుకున్న తెలుగు ఫాంట్లు మాత్రం పోయాయి. గోరుచుట్టు మీద రోకలిపోటు. ఆ తర్వాత రిపేరు షాపు అశోక్ వచ్చాడు. ఒక్క స్క్రూ విప్పితే ఒట్టు. "మానిటర్ పోనాది సార్" అన్నాడు. యజమానురాలు ఎదురుగా నిలబడి ఉంటే మొగుడివైపు తిరిగి, "మేడంగారు మరీ హెవీగా వాడేత్తన్నారు" అన్నాడు.

గవర్రాజు తలూపాడు. ఊపి ఊరుకున్నా పోయేది. "పాత సామాన్లోడికి ఇచ్చీసి ఒదిలీ. సూర్యకాంతమ్మకి నాను సెప్తాన్లే, అవదని" అన్నాడు. మర్నాడు, అంటే గిన్నెలు లేచిన ఆ పొద్దున్నే, షిఫ్టుకి వెళ్లిపోయాడు.

అవదని చెబుతాడట. మనిషిని కాల్చి వచ్చాక ఆ ఇంటికి మిగిలేది ఒక్క మొహం. అదీ లేదని చెప్పడానికి ఈయనెవరు? కామేశ్వరి గిన్నెలు తోమడం ముగించి, చెయ్యి తుడుచుకుని, కంప్యూటరు ముందు కూర్చుంది. అరిచి లాభం లేదు, అరవడానికి మనిషి కూడా లేడు.

ముందు మానిటర్ వైరు పీకి హాల్లో టీవీకి తగిలించింది. టీవీలోనూ అవే గీతలు. అంటే మానిటర్‌కి ఏమీ కాలేదు. అశోక్ నోట్లో మన్ను. విండోస్ కొత్తగా వేసినా పోలేదు కాబట్టి వైరసూ కాదు. మరి తను నొక్కిందేమిటి? ఉత్తరం ముక్క టైపు చేసినంతసేపూ తెర బుద్ధిగానే ఉంది. పెద్ద ఫోటో తెరిచి పని మొదలుపెట్టిన కాసేపటికి గీతలు. ఆపేసి, చల్లారాక వేస్తే మళ్లీ బాగుంది. కంప్యూటరు పెట్టె మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. దోసెల పెనంలా ఉంది.

ప్లగ్గు పీకి, పక్క రేకు విప్పి, టార్చి వేసింది.

లోపల, తెర మీదకి బొమ్మ పంపే కార్డుకి చిన్న ఫ్యాను ఉంది. దాని నడి బొడ్డు మీద ఇంత గంధం, గంధం మీద కుంకుమ. ఆ గంధం కారి, ఎండి, రెక్కల అంచుని పట్టేసింది. సందులో బంతిరేకులు ఇరుక్కుని ఉన్నాయి. వేలితో తోసినా ఫ్యాను కదల్లేదు. గాలాడక కార్డు కాగిపోతోంది, కాగినప్పుడల్లా గీతలు గీస్తోంది.

దసరానాడు తను వంటింట్లో పులిహోర కలుపుతుంటే లోపలి నుంచి వినబడిన మాట కామేశ్వరికి అప్పుడు గుర్తొచ్చింది. "రేకుకి బొట్టెడితే ఏటి లాభం, రేకిప్పి తిరిగీదానికి పెట్టాల" అంటున్నాడు గవర్రాజు, తనలో తనే. ప్లాంటులోనూ అలాగే పెడతాడు. మనిషంత ఫ్యానుకి ఆ గంధం ఒక లెక్కా? అరచేతిలో పట్టే ఫ్యానుకి అదే ఉరితాడైంది.

పళ్లు పటపట కొరికింది. ఇన్నాళ్లూ తను దొంగలా నిలబడి సమాధానాలు చెప్పింది. బంతిరేకులు ఏరి సాసర్లో పెట్టింది. పాత టూత్‌బ్రష్షూ, దూదికి అద్దిన శానిటైజరూ పెట్టి గంధం అంతా గీకి తీసింది. ప్లగ్గు పెడితే ఫ్యాను గిర్రున తిరిగింది. నరసింహమూర్తి మొహం తెరిచింది. ఒక్క గీత లేదు. సిలిండరు తీసేసింది, భుజం మీద చెయ్యి తీసేసింది, చొక్కా తొడిగింది. కుడికన్ను జోలికి మాత్రం పోలేదు.

గవర్రాజు వచ్చేసరికి సూర్యకాంతమ్మ హాల్లో కూర్చుని, ఒళ్లో ఫ్రేము పెట్టుకుని చూసుకుంటోంది. ఆయన చెప్పులు విడుస్తూ అన్నాడు, "ఎవడు బాగుసేసేడే?"

కామేశ్వరి సాసరు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఫ్యాన్లో ఉన్నాయి. మీరెట్టినవే."

"దేవుడి పువ్వు మీద తోసేత్తన్నావేటి?"

"పువ్వునేటీ అన్లేదు నాను. ప్లాంటులో ఫ్యానాగితే ముందు ఫ్యాన్ని సూత్తారు. ఇంట్లో ఆగితే ముందు పెళ్లాన్ని సూత్తారు. ఇన్ని మాటలన్నారు, గీతలొచ్చేక ఒక్కసారి మూత ఇప్పేరా?"

సూర్యకాంతమ్మ ఫోటో మీద నుంచి చూపు తిప్పలేదు.

"మా ఆయనా ఇంతేనమ్మా" అంది, కుడికన్ను దగ్గర అద్దాన్ని కొంగుతో తుడుస్తూ. "తప్పు తనదని తెలిసినా సెప్పీవోడు కాడు. రేపు సెప్పొచ్చులే అనుకునీవోడు. సెప్పకుండానే ఎలిపోనాడు."

గవర్రాజు వంగి సాసరు చేతిలోకి తీసుకున్నాడు.

"తప్పు నాదే" అన్నాడు ఆఖరికి, గొణుగుతూ.

"పెద్దగా సెప్పండి" అంది కామేశ్వరి. "ఆవిడ కూడా ఇనాల."