అత్త ఎక్కిన బండి

టీచర్ ట్రైనింగ్‌లో సీటు కోసం కరీంనగర్‌లో పరీక్ష రాశాను. సీటు రాకపోతే ఇంట్లో మగ్గం సిద్ధంగా ఉంది. ప్రశ్నలు తయారుచేసిన మహానుభావుడు మామ, అత్త, కూతురు, అల్లుడు, ఇద్దరు చుట్టాలను రెండు ఎడ్లబండ్లలో పెళ్లికి పంపమన్నాడు. బండికి ముగ్గురు. మామ బండిలో అల్లుడు గానీ కూతురు గానీ ఎక్కకూడదు. అత్త కూతురితోనే ఉండాలి. నిమిషంలో తేలిపోయింది: అత్త, కూతురు, అల్లుడు ఒక బండి.

మా వైపు అల్లుడు వాకిట్లోకి వస్తే అత్త తలుపు చాటుకు పోతుంది. ఆమెను అల్లుడి మోకాలికి మోకాలు తగిలేలా కూర్చోబెట్టాలట. ఆ మహానుభావుడికి పెళ్లయి ఉండదనుకున్నాను. ఇంత సిగ్గులేని లెక్కకు మార్కులు కూడానా అని, జవాబు కొట్టేసి, అత్తను మామ బండిలోకి మార్చి, ఒక చుట్టాన్ని ఇటు తెచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు మార్కులు తక్కువై సీటు రాలేదు. సంగతి విని బాపు మెచ్చుకున్నాడు.

“మంచిగ చేసినవ్. అత్తను అల్లుని పక్కకు కూసోవెడ్తరా ఎవలన్న?”

అవ్వ నూలు చుట్టడం ఆపలేదు.

“గా కాయితం మీది అత్త నీకేమన్న సుట్టమారా? ఆమె ఇజ్జత్ కాపాడి నీ సీటు పోగొట్టుకుంటివి. రా, మగ్గమెక్కు.”

ఎక్కాను.