గాలిమోటరు

నా మాటకు నవ్వినవాళ్లను నేను మరచిపోను. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో, బెజవాడ పోయే మా రైలు మహబూబాబాద్‌లో ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న కోస్తా ఆయన అడిగాడు: "హైదరాబాదు నుంచి బెజవాడకు విమానంలో అయితే ఎంతసేపండీ?"

"గాలిమోటర్లనా? అది రైలు లెక్క కాజీపేట చుట్టు తిరగదు. సక్కగ పోతది, గంటలోపే దిగుతరు."

"గాలిమోటరు," అని ఆయన నవ్వాడు.

"మా మాటలంటే మీకు నవ్వులాటే గద," అని మొహం తిప్పుకున్నాను.

రైలు కదిలాక ఆయనే మెల్లగా అన్నాడు: "ఎగతాళి కాదండీ. మా అమ్మకు ఆఖరి ఘడియలని తంతి వచ్చింది. అప్పు చేసైనా మీ గాలిమోటరు ఎక్కాల్సింది. నేను వెళ్లేసరికి ఉంటే, ఆ మాట చెప్పి నవ్విస్తాను."

ఆయన దిగేటప్పుడు సంచి నేనే అందించాను.

ఇప్పటికీ ఆకాశంలో చప్పుడైతే, ఆ తల్లి ఆ మాట విన్నదా అనుకుంటాను.