ఎండలో పెట్టిన పెళ్లి సీడీ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చింది, మా మేనత్త నిద్రలోనే పోయిందని. కోదాడ బస్టాండులో చాయ్ తాగుతూ విన్నాను. గ్లాసు అక్కడే వదిలేసి బస్సెక్కాను.

మా అత్త ఎండను నమ్మిన మనిషి. వేసవి వస్తే మిరపకాయలు, కందిపప్పు, బొంతలు అన్నీ డాబా ఎక్కాల్సిందే. "ఎండ తగలకుంటె ఏదైనా ఖరాబైతది" అనేది. ఆ నమ్మకంతోనే ఒక ఏడు బిడ్డ పెళ్లి సీడీని కూడా తీసి మిరపకాయల పక్కన పెట్టింది. బూజు పట్టకుండా కాపాడుతున్నాననే అనుకుంది, పిచ్చి తల్లి.

ఆ సీడీ అంటే ఆమెకు ప్రాణం. గొర్రెలు కాసుకునే మామ కెమెరా కనపడితే చాలు తప్పుకునేవాడు. ఆ పెళ్లి జరిగిన మరుసటేడే పోయాడు. ఆ సీడీలో అప్పగింతలప్పుడు మాత్రం ఏడుస్తున్న అత్త దగ్గరికొచ్చి, చెవిలో ఏదో అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వేసింది. మామ కదులుతూ కనిపించేది ఆ ఒక్క చోటే. బ్యాండు మోతలో ఆ మాట ఎవరికీ వినపడదు.

ఎండకు పెట్టాక సీడీ ఆడలేదు. నేను పట్టుకొని తిరిగాను. పెళ్లి తీసిన స్టూడియోలో హార్డ్‌డిస్కే పోయిందన్నారు. మిర్యాలగూడలో ఒక షాపాయన వెలుతురుకు ఎత్తి చూసి, ఎండ సంగతి అటుంచితే, ఇవి ఎట్లాగూ కొన్నేళ్లే ఉంటాయని, ముందే ఇంకో కాపీ తీసుకోవాల్సిందని అన్నాడు. ఆ మాటే అత్తకు చెప్పాను.

"బియ్యంల పురుగు పడితె ఏరుకుంటం. దీన్నేం జెయ్యాలె అల్లుడా?" అంది.

నాకు ఏడుపొచ్చింది.

అయినా ఆమె దాన్ని పారెయ్యలేదు. చుట్టాలు చేరితే ప్లేయర్లో పెట్టించేది. టీవీలో ఉత్త నీలం రంగు. మంచం మీద కూర్చొని, వేలు చూపిస్తూ, పెళ్లంతా వరసగా చెప్పేది. మామ వచ్చే చోట మాత్రం గొంతు తగ్గించేది.

"ఇగో, మీ తాత వస్తుండు. జర జరుగుండ్రి."

మనవలు నిజంగానే జరిగేవాళ్లు. ఏమన్నాడే అత్తా అని అడిగితే, మీకెందుకని కసిరేది.

దినాల రోజు వదిన, అంటే ఆ పెళ్లికూతురే, నన్ను పక్కకు పిలిచింది.

"మా నాయిన ఆనాడు ఏమన్నడో నీకేమన్న చెప్పిందా?"

లేదన్నాను. నాకు చెప్పి ఉంటుందని వదిన, కన్నబిడ్డకు చెప్పి ఉంటుందని నేను, ఇన్నేళ్లూ ధీమాగా ఉన్నాం. ఇద్దరం అక్కడే గోడకానుకొని కూర్చుండిపోయాం.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే అత్తే కనపడుతుంది. నీలం వెలుతురులో, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఆ మాట తనొక్కతే విని నవ్వుతూ.